డోసు అదే, మాత్ర మానలేదు. మరి టీఎస్‌హెచ్ 9.8 ఎందుకొచ్చింది?

గోదారిగట్టు
పెద్దాడు పుట్టినప్పటి నుంచి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. చాలా ఏళ్ళుగా 75 ఎంసీజీ. కిందటేడు టీఎస్‌హెచ్ 2.9 వస్తే ‘బాగుంది, ఇదే వాడండి’ అన్నారు. మొన్న చేయిస్తే 9.8. అంకె పక్కన లావుపాటి అక్షరంతో ‘హెచ్’. ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉండే థైరాయిడ్ హార్మోను, మాత్రం 0.9. ల్యాబువాళ్ళు వేసిన హద్దులు 0.8 నుంచి 1.8, అంటే నార్మలే కదా.

రిపోర్టు పట్టుకుని వెళ్తే డాక్టరు గారు ఒక్క చూపు చూసి 100 రాసేశారు. ఎందుకు పెరిగిందండీ అని అడిగితే ‘వయసు పెరుగుతోందిగా’ అన్నారు. నాకు నలభై రెండు. ఇంకో మాట అడిగేలోపే తర్వాతి టోకెను పిలిచారు. కోపం కంటే బాధ ఎక్కువైంది. మాత్ర మానని మనిషికి ఎందుకు పెరగాలి? టీ4 నార్మల్ అయితే టీఎస్‌హెచ్ ఎందుకు ఎక్కువ? రెండింట్లో దేన్ని నమ్మాలి? నీరసం, మలబద్ధకం ఉన్న మాట నిజం. రాజమండ్రి ఎండల్లో కూడా నాకు రాత్రి దుప్పటి కావాల్సి వస్తోంది. 100 సీసా కొన్నాను గానీ ఇంకా మొదలుపెట్టలేదు.

పప్పుచారు
డాక్టరు రాశారుగా, వేసేసుకోండి. 25 పెరిగితే ఏమవుతుంది? మా ఆవిడది 50 నుంచి ఏకంగా 100కి వెళ్ళింది, నిక్షేపంలా ఉంది.

ల్యాబ్‌కోటు
పప్పుచారు గారూ, 25 అంటే తక్కువేం కాదు. ఈ మాత్రల్లో 62.5, 88, 112 అని మధ్య కొలతలు కూడా అమ్ముతున్నారంటే ఎంత జాగ్రత్తగా తూచి ఇవ్వాల్సిన మందో చూడండి.

గోదారిగట్టు గారూ, నేను విజయవాడలో ఒక ల్యాబులో పనిచేస్తాను, డాక్టర్ని కాను. అయినా ఇలాంటి రిపోర్టులు రోజూ చూస్తాను కాబట్టి కొన్ని అడుగుతాను. మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు? ఆ తర్వాత ఎంతసేపటికి కాఫీ? ఈ మధ్య కొత్తగా వేరే మందులేమైనా మొదలుపెట్టారా? క్యాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్రలు, జుట్టుకు వాడే మాత్రలు, ఏవైనా సరే. కిందటిసారి కూడా ఇదే ల్యాబా? అప్పుడు ఫ్రీ టీ4 ఎంత?

పీజీ_డాక్టరమ్మ
జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. ‘టీ4 నార్మల్, టీఎస్‌హెచ్ ఎక్కువ’ అనే దాని గురించి చెప్తాను.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలోంచి రాదు. తల లోపల ఉండే పిట్యూటరీ గ్రంథి పంపిస్తుంది. అదొక మేస్త్రీ అనుకోండి. కింద పని తగ్గేకొద్దీ మేస్త్రీ కేకలు పెరుగుతాయి. పైగా ఈ మేస్త్రీకి చెవులు చాలా పదును. రక్తంలో ఫ్రీ టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ రెట్టింపై ఊరుకోదు, దాదాపు వంద రెట్ల దాకా పెరగగలదు. అందుకే టీ4లో కొంచెం తేడా వచ్చినా అది ల్యాబు హద్దుల్లోనే ఉండిపోతుంది, టీఎస్‌హెచ్ మాత్రం హద్దు దాటేస్తుంది. ల్యాబు హద్దులు ఊరందరికీ కలిపి వేసినవి. మీ ఒంటికి సరిపడే టీ4 ఆ హద్దుల్లో ఒక చిన్న ముక్క మాత్రమే. మీది 1.3 ఉండి 0.9కి వచ్చిందనుకోండి, కాగితం మీద నార్మలే, మీకు తగ్గినట్టే.

కాబట్టి దేన్ని నమ్మాలి అంటే రెండూ నిజమే. మీలా మాత్ర వాడేవాళ్ళకు ముందు చూడాల్సింది టీఎస్‌హెచ్. ఒంటికి అందే హార్మోను తగ్గిందని అది చెప్తోంది. ఎందుకు తగ్గిందో అది చెప్పదు.

నేతిబీరకాయ
జీవితాంతం ఈ మాత్రలు దేనికండీ? ధనియాలు రాత్రి నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్ళు మరిగించి తాగండి. మా పిన్నికి మూడు నెలల్లో నార్మల్ వచ్చేసింది.

కరీంనగర్_అన్న
మీ పిన్నికి మొదట ఎంత ఉంది, తర్వాత ఎంత వచ్చింది? రిపోర్టులుంటే ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. మా మేనత్త ఇట్లనే ఎవరో చెప్పిన్రని మాత్ర మానేసింది. ముఖమంతా ఉబ్బింది, గొంతు బొంగురు పోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది. ముసలితనం అనుకున్నం. దవాఖానకు తీసుకుపోతే టీఎస్‌హెచ్ వంద దాటింది. ధనియాల నీళ్ళు తాగితే తాగండి, తప్పు లేదు. మాత్ర మానమని మాత్రం ఎవరికీ చెప్పకండి. చదివేటోళ్ళు నమ్ముతరు.

నేతిబీరకాయ
పిన్నిది మొదట 5.8 అనుకుంటా. తర్వాత 3 చిల్లర.

పీజీ_డాక్టరమ్మ
అదే సంగతి. 5, 6 ఉన్నవాళ్ళలో చాలామందికి కొన్ని నెలలాగి మళ్ళీ పరీక్ష చేస్తే ఏ మందూ లేకుండానే నార్మల్ వస్తుంది. అందుకే అంత తక్కువ పెరిగినప్పుడు మాత్ర మొదలుపెట్టే ముందు రెండోసారి చూడమంటారు. మీ పిన్నిగారు మంచినీళ్ళు తాగినా బహుశా అదే వచ్చేది. గ్రంథి నిజంగా దెబ్బతిన్నవాళ్ళకు అలా రాదు.

గోదారిగట్టు
అందరికీ ధన్యవాదాలు. ల్యాబ్‌కోటు గారూ, మీరడిగినవి: మాత్ర ఆరింటికి, పరగడుపునే. కాఫీ ఆ వెంటనే, పది నిమిషాల్లో. ఎప్పుడూ అంతే, కిందటేడూ అంతే. టిఫిన్ ఎనిమిదికి. ల్యాబు అదే. అప్పటి ఫ్రీ టీ4 వెతికి తీశాను, 1.3. డాక్టరమ్మ గారు ఊరికే అన్న అంకె అచ్చంగా అదే!

కొత్త మందులంటే, మోకాళ్ళ నొప్పులకు సంక్రాంతి తర్వాత ఎముకల డాక్టరుకి చూపించుకున్నాను. క్యాల్షియం, డీ3 కలిసిన మాత్ర రాశారు. చీటీ మీద 1-0-0 అని ఉంది, అందుకని పొద్దున్నే థైరాయిడ్ మాత్రతోపాటే మింగేస్తున్నాను. థైరాయిడ్ ఉందని ఆయనకు చెప్పాను కూడా. వేళ గురించి ఆయనేం అనలేదు, మందుల షాపులోనూ ఏం అనలేదు.

పప్పుచారు
దొంగ దొరికాడు! 100 వేసుకోమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

ల్యాబ్‌కోటు
నాకూ అదే అనుమానం. క్యాల్షియం కడుపులో థైరాయిడ్ మందుని పట్టేసుకుంటుంది. రెండూ కలిసి ఒంటికి పట్టకుండా కిందికి పోతాయి. మీరు మింగేది 75, ఒంటికి అందేది అంతకంటే తక్కువ. ఐరన్ మాత్రది కూడా ఇదే కథ. రెండింటికీ, థైరాయిడ్ మాత్రకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. గ్యాస్ మాత్రలు, అంటే పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి, ఇంకో దారిలో అడ్డుపడతాయి. కడుపులో ఆమ్లం తగ్గితే ఈ మాత్ర సరిగ్గా కరగదు. వాటికి నాలుగు గంటల ఎడం ఇచ్చినా పూర్తిగా సరిపోదు. నెలల తరబడి వాడుతుంటే డోసే సర్దాల్సి రావచ్చు, డాక్టరుకి చెప్పాలి.

కాఫీ కూడా అడ్డే. కానీ మీరు ఏళ్ళ తరబడి అలాగే తాగుతున్నారు, డోసు దానికి తగ్గట్టే కుదిరిపోయింది, అప్పుడు 2.9 వచ్చింది కూడా. కొత్తగా వచ్చింది క్యాల్షియమే.

ఫిల్టర్‌కాఫీ
మాత్ర మింగి, డికాషన్ వాసన చూస్తూ గంట కూర్చోవడం! అందుకే నేను డాక్టర్ని అడిగి రాత్రికి మార్చుకున్నా. భోజనమయ్యాక మూడు గంటలాగి, పడుకోబోయే ముందు. రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది, పొద్దున్నే కాఫీ కూడా బ్రహ్మాండంగా ఉంది.

చార్మినార్_చాయ్
రంజాన్‌లో మా అమ్మీ కూడా అంతే. ఇఫ్తార్ తర్వాత తింటూనే ఉంటాం కాబట్టి సహరీకి గంట ముందు అలారం పెట్టుకుని లేచి వేసుకుంటుంది. నెల మొదలవక ముందే డాక్టర్ని అడిగి వేళ ఖాయం చేసుకుంటాం.

జుట్టుపోతోంది
ఏం మార్చినా టీఎస్‌హెచ్ 2 లోపు ఉండేలా చూసుకోండి. 2 దాటితే నీరసం, జుట్టు ఊడటం తప్పదని యూట్యూబులో ఒకాయన చెప్తున్నాడు. నాది 3.4, నేనే డోసు పెంచమని అడగబోతున్నా.

హ్యూస్టన్_బాబాయ్
ఆ మాట వినొద్దమ్మా. గుంటూరులో మా అమ్మకు 79 ఏళ్ళు. టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువుందని డోసు పెంచుకుంటూ పోయారు. ఏడాదికి పైగా మళ్ళీ పరీక్ష లేదు, ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఒకరోజు గుండె దడ, ఆయాసం. ఈసీజీలో గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తేలింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. అప్పుడు టీఎస్‌హెచ్ 0.05. నేనిక్కడ, ఆమె అక్కడ. ఆ రాత్రి వీడియో కాల్‌లో ఆమె మొహం చూసిన నాకు ఈ ‘2 లోపు’ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

పీజీ_డాక్టరమ్మ
బాబాయ్ గారు చెప్పినది అక్షరాలా నిజం. డోసు ఎక్కువైతే పెద్దవాళ్ళలో గుండె లయ తప్పుతుంది, ముట్లు ఆగిన ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారతాయి. వయసుతోపాటు టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. డెబ్భై దాటినవాళ్ళకు 5, 6 ఉంటే చాలాసార్లు ఊరికే గమనిస్తూ ఉంటారు. 65 దాటి, టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి టీ4 నార్మల్‌గా ఉన్నవాళ్ళ మీద యూరప్‌లో ట్రస్ట్ అనే అధ్యయనం చేశారు, 2017లో వచ్చింది. మాత్ర ఇచ్చినా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా నీరసంలో తేడా కనబడలేదు.

జుట్టుపోతోంది గారూ, 3.4 నార్మలే. జుట్టుకి ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష, చేయించుకోండి. మన ఆడవాళ్ళలో ఐరన్ తక్కువ ఉండటం ఎంత మామూలో చెప్పక్కర్లేదు.

జుట్టుపోతోంది
సరే, ముందు ఫెరిటిన్ చేయిస్తా. ప్రస్తుతానికి జుట్టుకి బయోటిన్ విటమిన్ మాత్ర 10 ఎంజీ వాడుతున్నా.

ల్యాబ్‌కోటు
ఆగండాగండి! ఆ మాత్ర వేసుకుంటూనే థైరాయిడ్ పరీక్ష ఇచ్చారా? చాలా మెషీన్లలో పరీక్ష నడిచేదే బయోటిన్ అతుక్కునే పద్ధతి మీద. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చు. మీ అసలు అంకె 3.4 కాకపోవచ్చు. కనీసం రెండు రోజులు ఆపి మళ్ళీ ఇవ్వండి, ల్యాబులో చెప్పి ఇవ్వండి.

వంకాయబజ్జీ
మా వదినకు సరిగ్గా ఇదే అయింది. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ, డోసు సగం చేద్దామన్నారు. మనిషికి దడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు. మనిషికీ కాగితానికీ పొంతన లేదే అని డాక్టరు గారే ఆగి, జుట్టుకేమైనా వాడుతున్నావా అని అడిగారు. ఆపి చేయిస్తే అన్నీ మామూలే. అలా అడిగే డాక్టరు దొరకడం అదృష్టం.

మెడమీద_గీత
నాదింకో రకం. నాకు పాపిల్లరీ క్యాన్సర్‌కి థైరాయిడ్ మొత్తం తీసేశారు. నా టీఎస్‌హెచ్ 0.2. పొరపాటున వచ్చింది కాదు, డాక్టర్లు కావాలనే అక్కడ ఉంచుతున్నారు, మిగిలిన కణాలేవైనా ఉంటే వాటికి టీఎస్‌హెచ్ ప్రోత్సాహం అందకూడదని. కానీ కొత్త చోట రిపోర్టు చూపించిన ప్రతిసారీ ‘ఎల్’ అక్షరం చూసి డోసు తగ్గించబోతారు. ఆపరేషన్ కాగితం జిరాక్స్ ఎప్పుడూ ఫైల్లో పైనే పెట్టుకుంటాను. కాబట్టి పక్కవాళ్ళ అంకెతో మన అంకె పోల్చుకోవద్దని నా మనవి.

రెండో_నెల
నేను 50 ఎంసీజీ మీద ఉన్నా. మొన్నే ప్రెగ్నెన్సీ అని తెలిసింది. డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే వారం. అత్తగారు ‘కడుపుతో ఉన్నప్పుడు ఈ మాత్రలు వద్దు’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

పీజీ_డాక్టరమ్మ
అమ్మా, మాత్ర ఒక్కరోజు కూడా ఆపకు. మొదటి నెలల్లో బిడ్డకు థైరాయిడ్ హార్మోను నీ నుంచే అందాలి. ఆ సమయంలో అవసరం పెరుగుతుంది కూడా, సాధారణంగా డోసు 25–30 శాతం పెంచుతారు. కొందరు డాక్టర్లు వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమని చెప్తారు. వచ్చే వారం దాకా ఆగొద్దు, ఈరోజే ఫోన్ చేసి అడుగు. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచాలని చూస్తారు, ఐదో నెల వచ్చేదాకా నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. ఇంకోటి, ప్యాకేజీలో వచ్చే టీ3, టీ4 సాధారణంగా ‘టోటల్’. గర్భంతో ఉన్నప్పుడు టోటల్ టీ4 ఎలాగూ ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుంది, అది చూసి డోసు ఎక్కువైందని ఎవరైనా అంటే కంగారు పడకు. అత్తగారికి నా మాటగా చెప్పు, ఈ మాత్ర బిడ్డ కోసమే.

రెండో_నెల
ఫోన్ చేశానక్కా. పెంచారు. అత్తగారికి మీ పోస్టు చదివి వినిపించాను, ఇప్పుడు పొద్దున్నే ఆవిడే మాత్ర, నీళ్ళు తెచ్చిస్తానంటున్నారు.

పప్పుచారు
ఒక సందేహం. పరీక్షకు వెళ్ళే రోజు మాత్ర వేసుకుని వెళ్ళాలా, మానాలా? మా ఆవిడ వేసుకునే వెళ్తుంది. పరగడుపున వెళ్ళాలని మా కాలనీలో ల్యాబు కుర్రాడు అంటాడు.

ల్యాబ్‌కోటు
టీఎస్‌హెచ్‌కి పరగడుపు తప్పనిసరి కాదు. మాత్ర మాత్రం రక్తం ఇచ్చాకే వేసుకోమంటాను. మింగిన కొన్ని గంటల పాటు ఫ్రీ టీ4 పైకి లేచి ఉంటుంది, ఆ అంకె చూసి డోసు ఎక్కువైందనుకుంటారు. టీఎస్‌హెచ్ ఒక్క మాత్రకి కదలదు.

హ్యూస్టన్_బాబాయ్
ఇక్కడ మా డాక్టరు వేసుకుని రమ్మన్నా పరవాలేదంటాడు.

ల్యాబ్‌కోటు
టీఎస్‌హెచ్ ఒక్కటే చూసేటప్పుడు పరవాలేదు బాబాయ్ గారూ. ఫ్రీ టీ4 కూడా రాస్తే తేడా వస్తుంది. ఎలా ఇచ్చినా ప్రతిసారీ ఒకేలా ఇవ్వండి. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, టీఎస్‌హెచ్ తెల్లవారుజామున 2–4 గంటల మధ్య ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుందని. ఒకసారి పొద్దున ఏడింటికి, ఇంకోసారి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇస్తే ఆ తేడాని జబ్బు అనుకునే ప్రమాదం ఉంది.

మాకు బాగా కనబడే ఇంకో రకం రిపోర్టు ఉంది. ఫ్రీ టీ4 హద్దుల్లో పై అంచున, టీఎస్‌హెచ్ 12. చూస్తే వింతగా ఉంటుంది. నెలల తరబడి మాత్రలు అటూ ఇటూ చేసి, పరీక్ష దగ్గర పడ్డాక వారం రోజులు బుద్ధిగా వేసుకుంటే ఇలా వస్తుంది. టీ4 వెంటనే పెరుగుతుంది, టీఎస్‌హెచ్ దిగడానికి వారాలు పడుతుంది. అది చూసి డోసు పెంచితే తర్వాత మనిషి రోజూ సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టినప్పుడు ఎక్కువైపోతుంది. డాక్టరు దగ్గర దాచొద్దు, ఎవరూ తిట్టరు.

లెస్టర్_లత
మా రిపోర్టులో ఫ్రీ టీ4 15.4 అని ఉంది! మీరంతా 0.9, 1.3 అంటున్నారు. చదివి గుండె ఆగినంత పనైంది.

పీజీ_డాక్టరమ్మ
కొలత వేరండీ. మీ ఇంగ్లండ్‌లో పికోమోల్‌లలో లీటరుకి, ఇక్కడ నానోగ్రాముల్లో డెసిలీటరుకి. మా అంకెని సుమారు 12.9తో గుణిస్తే మీ అంకె వస్తుంది. మీది 1.2, హాయిగా ఉంది. టీఎస్‌హెచ్ అంకె మాత్రం రెండు చోట్లా ఒకటే.

కరీంనగర్_అన్న
టీఎస్‌హెచ్ నార్మల్ ఉండి కూడా జబ్బు ఉండొచ్చని మా చెల్లె విషయంలో చూసినం. కాన్పులో చాలా రక్తం పోయింది. తర్వాత పాలు పడలేదు, ముట్లు రాలేదు, ఒకటే నీరసం. టీఎస్‌హెచ్ నార్మల్ కాబట్టి థైరాయిడ్ కాదన్నరు. చివరికి ఒక పెద్ద డాక్టరు ఫ్రీ టీ4 చూస్తే బాగా తక్కువుంది.

పీజీ_డాక్టరమ్మ
షీహాన్ సిండ్రోమ్. కాన్పులో రక్తం బాగా పోతే పిట్యూటరీయే దెబ్బతింటుంది కాబట్టి టీఎస్‌హెచ్‌ని నమ్మడానికి లేదు. వాళ్ళకు ఫ్రీ టీ4 చూసే డోసు సర్దాలి. అదీ కార్టిసాల్ (పిట్యూటరీ అదుపులోనే ఉండే ఇంకో హార్మోను) చూసి, తక్కువుంటే ముందు దాని మందు ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. బాగా చెప్పారన్నా, ఇది చాలామందికి తెలియదు.

గోదారిగట్టు
ఈరోజు మళ్ళీ అదే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. మాటలు తడబడతాయని నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకుని వెళ్ళి, అదే చేతికిచ్చాను: పాత టీఎస్‌హెచ్ 2.9, ఫ్రీ టీ4 1.3, ఇప్పుడు 9.8, 0.9, సంక్రాంతి నుంచి క్యాల్షియం, థైరాయిడ్ మాత్రతో కలిపి. చదివి, కళ్ళజోడు తీసి, ‘ఇది మొదటే తెలిస్తే 100 రాసేవాణ్ణి కాదమ్మా’ అన్నారు. 75 అలాగే ఉంచారు. క్యాల్షియం చీటీ మీద 1-0-0 కొట్టేసి 0-1-0 రాశారు, మధ్యాహ్నం భోజనమయ్యాక. ఆరు వారాలు దాటాక టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్ళీ చూద్దామన్నారు. అప్పటికీ దిగకపోతే డోసు సంగతి ఆలోచిద్దామన్నారు. కాఫీ మాత్రం మార్చొద్దన్నారు, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల దిగిందో తెలియదని.

ల్యాబ్‌కోటు
చాలా సంతోషం. ఆరు వారాల కంటే ముందు ఆత్రపడి చేయించకండి. ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, కొత్త లెక్క కుదురుకోవడానికి ఐదారు వారాలు పట్టి తీరుతుంది. నెలకే వచ్చి ‘ఇంకా 6 ఉందేంటి’ అని దిగులుపడేవాళ్ళని చూస్తుంటాను.

పీజీ_డాక్టరమ్మ
ఈలోపు నీరసం ఎక్కువైనా, ముఖం, కాళ్ళు ఉబ్బినా ఆరు వారాలు ఆగక్కర్లేదు, వెంటనే చూపించుకోండి.

మూగచూపు
రోజూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు. ఇదంతా చదివాక మా అమ్మ మందుల డబ్బా తెరిచి చూశాను. పొద్దున గడిలో థైరాయిడ్ 50, ఐరన్ మాత్ర, గ్యాస్ మాత్ర మూడూ కలిపి ఉన్నాయి. ఏది ఎప్పుడు మార్చాలి?

ల్యాబ్‌కోటు
థైరాయిడ్ మాత్ర ఒక్కటే పొద్దున గడిలో ఉంచండి. ఐరన్ మధ్యాహ్నానికో రాత్రికో జరపండి. గ్యాస్ మాత్ర ఎవరు రాశారో, ఎన్నాళ్ళు వాడమన్నారో ఆ డాక్టర్నే అడగండి, మీరే ఆపొద్దు. అమ్మగారి కిందటి టీఎస్‌హెచ్ ఎంత, ఎప్పటిది?

మూగచూపు
రెండేళ్ళ కిందటిది, 4.1. రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నాను, మాత్ర వేయకుండా.